సోమవారం సూది, గురువారం కొలత: పశువుల టీబీకి ఏ పరీక్ష ఎప్పుడు

సోమవారం సూది వేస్తే గురువారం చూడాలి. పొద్దున్న తొమ్మిదికి వేస్తే తొమ్మిదికే చూడాలి, ఆరు గంటలు అటూ ఇటూ అయితే పర్వాలేదు. పశువుల టీబీ పరీక్షలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ డెబ్బైరెండు గంటల లెక్క దగ్గరే జరిగాయి. అందులో ఒకటి నాదే.

నేను వెటర్నరీ అసిస్టెంటుగా విశాఖ చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఇరవయ్యేళ్లకు పైగా తిరిగాను. డాక్టరుగారు సూది వేస్తారు. నేను కాలిపర్ పట్టుకుని చర్మం కొలిచి పుస్తకంలో రాస్తాను. ఊళ్లో వాళ్లు నన్నూ డాట్రుబాబనే పిలిచేవారు, అది వేరే సంగతి. ఓ ఏడు జనవరి 13న ఒక డెయిరీలో పద్నాలుగు పశువులకి సూదులు వేయించాను. రోజు కుదిరింది కదా అని నేనే ఖాయం చేశాను. మూడోరోజు ఏమిటో లెక్క చూసుకోలేదు. 16, కనుమ. వెళ్లేసరికి ఒక్కో పశువుకీ తలంటి, కొమ్ములకి రంగులేసి, మెడ నిండా పసుపూ కుంకుమా పూసి, పూలదండలు కట్టి ఉన్నాయి. నేను కత్తిరించి పెట్టిన వెంట్రుకల గుర్తులు ఎక్కడా కనబడవు. ఇంటి ముసలమ్మ అయితే, మెడ వాచిందని జాలిపడి, ఆముదంలో పసుపు కలిపి రెండు పూటలా మర్దన కూడా చేసింది. "ఏటి బాబూ, నొప్పెట్టదా దానికి?" అంది. ఆవిడని ఏమనగలం? ఆ పద్నాలుగు కొలతలూ కొట్టేసి, రెండు నెలలు ఆగి, అన్నీ మళ్లీ వేశాం.

ఈ మధ్య మధురవాడ, కొమ్మాది అపార్ట్‌మెంట్లకి పాలు పోసే కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తున్నారు. "పాలకి టీబీ టెస్ట్ ఉందా అని అడుగుతున్నారు సార్, ఏ టెస్ట్ చేయించాలి?" అని. పశువు కొనబోయే వాళ్లూ అడుగుతారు. ఒక ఆవు దగ్గుతూ చిక్కిపోతున్నవాళ్లూ అడుగుతారు. ముగ్గురిదీ ఒకే ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, ముగ్గురికీ వేరువేరు పరీక్షలు కావాలి. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు అపార్ట్‌మెంటు వాళ్ల సంగతి తేల్చేస్తాను. చెంబుడు పాలు పట్టుకెళ్తే టీబీ ఉందో లేదో ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. జబ్బు ఉన్న ఆవులన్నీ పాలల్లో క్రిములు వదలవు, వదిలేవి కూడా రోజూ వదలవు. పాలల్లో కనబడలేదంటే ఆవుకి లేదని కాదు. పరీక్ష ఆవుకి చేయాలి, పాలని కాచుకోవాలి. డెయిరీలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లో, 63 డిగ్రీల దగ్గర అరగంటో వేడిచేస్తాయి, ఆ క్రిమి చావడానికి అది చాలు. మన ఇళ్లలో పాలు పొంగించి కాస్తాం కాబట్టి భయం లేదు. భయమంతా ఈమధ్య బయల్దేరిన "నాటు ఆవు పచ్చిపాలు ఆరోగ్యం" అనే పిచ్చితోనే. పంచామృతంలోకి కూడా కాచి చల్లార్చిన పాలే వాడమని మా ఇంట్లో చెప్పుకున్నాం. దేవుడేమీ అనుకోలేదు.

ఇక ఆవు దగ్గరికి వద్దాం.

అన్నిటికీ మూలం చర్మ పరీక్ష. 1890లో రాబర్ట్ కోఖ్ ట్యూబర్‌క్యులిన్ అని ఒక ద్రవం తయారుచేశాడు, దాంతో టీబీ నయం చేద్దామని. నయం కాలేదు గానీ, జబ్బు సోకిన ఒంట్లో అది వాపు తెప్పిస్తుందని తేలింది. చిన్నపిల్లలకి ముంజేతికి వేసే మాంటూ పరీక్ష అదే. పశువులకి వాడేది దాన్ని శుద్ధిచేసిన రూపం, పీపీడీ అంటారు. అది క్రిమిని చూపించదు. ఈ పశువు ఒళ్లు ఆ క్రిమిని ఇదివరకు ఎరుగునా అని చర్మాన్ని అడుగుతుంది, అంతే. చర్మం చెప్పే జవాబుని మిల్లీమీటర్లలో చదవాలి.

మెడ మధ్యలో వెంట్రుకలు కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. ఆ చోట పుండు, గడ్డ, జోరీగ కుట్టిన మచ్చ ఉండకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని మడతగా లాగి, ఆ మడతకి కాలిపర్ ఆనించాలి. నొక్కితే ఒక మిల్లీమీటరు తగ్గిపోతుంది, వదులుగా పెడితే ఒకటి పెరుగుతుంది. అందుకే సూది రోజు కొలిచిన మనిషే మూడోరోజూ కొలవాలి. జెర్సీ క్రాసుకి ఆ మడత ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు వస్తుంది, ముర్రా గేదెకి ఇంకా మందం. "గేదెకి వాపు తెలీదు, దానికి ఈ పరీక్ష పనిచెయ్యదు" అంటారు కొందరు. వేలితో తడిమి చూస్తే తెలీదు మరి. కాలిపర్‌తో తెలుస్తుంది.

కొలత రాశాకనే సూది. చర్మం పొర లోపలికి ఏటవాలుగా, 0.1 మిల్లీలీటరు. సరిగా పడితే బఠాణీ గింజంత బుడిపె వేలికి తగులుతుంది. తగల్లేదంటే మందు చర్మం కిందికి జారిపోయినట్టే, ఆ సూది లెక్కలోకి రాదు. వయల్ ఐసుపెట్టెలో రావాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. మూత పొడిచిన వయల్ ఆ రోజుకే. మిగిలింది రేపటికి దాచి వేస్తామన్నవాళ్లని నేను చూశాను. ఆ మర్నాడు వేసినవి తప్పుడు నెగటివ్ రావొచ్చు, అందరూ సంతోషంగా ఇళ్లకెళ్తారు.

ఇందులో రెండు రకాలు. ఒకటి బొవైన్ పీపీడీ, అంటే పశువుల టీబీ క్రిమి నుంచి తీసింది, ఒక్కటే వేసేది. మూడోరోజుకి చర్మం 4 మిల్లీమీటర్లు, ఆ పైన మందం పెరిగితే పాజిటివ్. రెండు దాటకపోతే నెగటివ్. మధ్యలో ఉంటే అనుమానం. మందం ఎలా ఉన్నా, సూది చోట చర్మం కుళ్లినట్టయినా, రసి కారినా, నీరుపట్టి నొప్పిగా ఉన్నా పాజిటివ్ కిందే.

రెండోది పోల్చి చూసే పరీక్ష. ఒకే పక్క మెడ మీద రెండు సూదులు. పైన ఏవియన్, అంటే పక్షుల టీబీ క్రిమి నుంచి తీసింది, దానికి జానెడు లోపు దూరంలో కింద బొవైన్. నేను పుస్తకంలో మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: పైన పిట్ట, కింద పశువు. సిరంజిలు కూడా రెండూ వేరు, ఒకదానికి ఎర్రదారం కట్టేవాణ్ణి. తారుమారైతే జబ్బు ఆవు మంచిదైపోతుంది. చిన్న దూడకి మెడ మీద చోటు చాలదు, దానికి ఇటొకటి అటొకటి వేయాలి.

పక్షిది ఎందుకు వేయడం? మట్టిలో, నీళ్లలో టీబీ క్రిమికి చుట్టాలు బోలెడు ఉంటాయి. మన దగ్గర చెరువుగట్టు గడ్డి, మురుగునీళ్లు, కోళ్ల గత్తం, అన్నీ ఆవు మూతికి తగులుతూనే ఉంటాయి. ఆ చుట్టాల్ని ఎరిగిన చర్మం బొవైన్ సూదికి కూడా కాస్త వాస్తుంది. రెండు వాపుల్నీ పోలిస్తే అసలు క్రిమి ఏదో తెలుస్తుంది.

నా పాత పుస్తకంలోంచి రెండు ఆవులు చెప్తాను. నల్లమచ్చల హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసు: పైన 7 ఉన్నది 11 అయింది, కింద 8 ఉన్నది 14 అయింది. ఒక్క బొవైన్ సూదే వేసి ఉంటే 6 పెరిగింది, పాజిటివ్ అని రాసేసేవాళ్లం. పోల్చి చూస్తే పైన 4 పెరిగింది, కింద 6, తేడా 2. పోల్చే పరీక్షలో బొవైన్ వాపు ఏవియన్ కంటే 4 మిల్లీమీటర్లు దాటి ఎక్కువుంటేనే పాజిటివ్. 1 నుంచి 4 మధ్య అనుమానం. సమానమో తక్కువో అయితే నెగటివ్. ఆ ఆవు అనుమానం కింద వచ్చింది. పక్కనే ఎర్ర జెర్సీ: పైన 7 నుంచి 8, కింద 7 నుంచి 16. తేడా 8. ఇంక అనుమానం ఏముంది?

ఆ హెచ్ఎఫ్ ఆవుకి మూడు నెలలుగా పల్చటి పేడ. ఎంత తిన్నా పక్కటెముకలు కనబడుతున్నాయి. అది పేగులకి పట్టే జోన్స్ జబ్బు వరస. దాని క్రిమి కూడా పక్షి టీబీ క్రిమి కుటుంబమే, అందుకే పైన సూది కూడా అంత వాచింది. పేడ పరీక్షకి పంపితే అదే తేలింది. ఒక్క సూదితో సరిపెట్టుకుని ఉంటే ఆ రైతు ఎనిమిది నెలలు లేని టీబీ గురించి ఏడ్చి, ఉన్న జోన్స్‌ని మిగతా దూడలకి పంచేవాడు.

పోల్చే పరీక్షకి బ్రిటన్ వాళ్ల లెక్క ఒకటుంది. నిజంగా జబ్బున్న వంద పశువుల్లో సుమారు 80ని పట్టుకుంటుంది. జబ్బు లేని 5,000 పశువుల్లో ఒక్కదాన్ని పొరబాటుగా జబ్బు అంటుంది. ఆ అంకెలు వాళ్ల మందలవి, వాళ్ల వాతావరణానివి. మనకి యథాతథంగా అతకవు. అయినా దాని స్వభావం మాత్రం ఇక్కడా అదే: పాజిటివ్ అందంటే నమ్మొచ్చు, నెగటివ్ అందంటే పూర్తిగా నమ్మకూడదు. ఒకే ఆవుని చూసి చెప్పడం కంటే మందని చూసి చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఇరవై ఆవుల్లో నాలుగు పాజిటివ్ వచ్చాయంటే మిగతా పదహారులో ఇంకొకటో రెండో దాక్కున్నాయనే అనుకోవాలి.

ఏ ఆవులు దాక్కుంటాయో చెప్తాను, ఇది ముఖ్యం. కొత్తగా సోకిన ఆవు: మూడు నుంచి ఆరు వారాల దాకా చర్మం మాట్లాడదు. బాగా ముదిరిన ఆవు: ఊపిరితిత్తులు పాడైపోయి ఉంటాయి గానీ చర్మం చేతులెత్తేస్తుంది, సున్నా వాపు. మందలో అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే, దీనికే నెగటివ్ వస్తుంది. ఈనడానికి ముందూ వెనకా ఓ నెల, నెలన్నర: నిండుచూడి ఆవుకీ పచ్చి బాలింత ఆవుకీ వాపు సరిగా రాదు, ఆగి చేయించుకోండి. ఇక డెక్సా సూదులు పడిన ఆవు. పొదుగువాపుకీ, జ్వరానికీ, దేనికైనా స్టెరాయిడ్ పొడిచేసే అలవాటు ఊళ్లలో ఉంది. ఆ ఆవు చర్మం కొన్నాళ్లు మొద్దుబారి ఉంటుంది. సూది వేయించే ముందు గత నెలరోజుల్లో ఏ మందులు పడ్డాయో నిజం చెప్పండి. డాక్టరు తిడతారని దాచకండి.

కొనేవాళ్లకి ఇక్కడో మెలిక. చర్మ పరీక్ష ఒకసారి చేశాక మళ్లీ వెంటనే చేస్తే జబ్బున్న ఆవు కూడా వాయదు. కనీసం 42 రోజులు ఆగాలి, మా డాక్టరుగారు 60 అయితేగానీ ఒప్పుకునేవారు కాదు. ఇది తెలిసిన దళారి ఏం చేస్తాడు? మీరు పరీక్ష చేయించుకుంటానన్నారని తెలియగానే, రెండు వారాల ముందు తనే ఒక సూది వేయించేస్తాడు. మీ కాలిపర్‌కి ఏమీ అందదు. కాబట్టి కర్ణాటక, తమిళనాడు నుంచి క్రాసు ఆవుల్నో, హర్యానా నుంచి ముర్రాల్నో లారీలో దింపుకునేవాళ్లు అక్కడిచ్చిన నెగటివ్ కాగితాన్ని జేబులో పెట్టుకుని, వచ్చిన ఆవుని వేరే పాకలో, వేరే గోలెంతో, వేరే పలుపుతో రెండు నెలలు ఉంచి, అప్పుడు ఇక్కడ మనమే పోల్చే పరీక్ష చేయించాలి. "రెండు నెలలు ఇడిగా కట్టేత్తే మేపెవుడు సూత్తాడు డాట్రుబాబూ?" అంటారు. నిజమే, ఖర్చే. పది ఆవుల సాలలోకి టీబీని తోలుకొచ్చిన ఖర్చు ఎంతో నేను ఒకాయన దగ్గర చూశాను. ఆయన ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

తోక దగ్గర వేసే పరీక్ష గురించి కూడా కొందరు అడుగుతారు. తోక మొదట్లో అడుగున పల్చటి చర్మం మడత ఉంటుంది, అక్కడ ఒకే సూది. అమెరికా, న్యూజిలాండ్‌లలో వాడతారు, వేల పశువుల్ని గేటులోంచి తోలుతూ వేసేయడానికి వీలు. మెడ చర్మం అంత చురుగ్గా తోక చర్మం ఉండదు. పది ఆవుల్ని రాటకి కట్టి ఉంచుకునే మనకి తోక దాకా వెళ్లాల్సిన పనిలేదు.

చర్మం తర్వాత రక్తం. గామా ఇంటర్‌ఫెరాన్ పరీక్ష అంటారు, 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో తయారైంది. నాకు నచ్చిన పరీక్ష ఇది, కానీ మన పద్ధతులకి అస్సలు నప్పని పరీక్ష కూడా ఇదే. ఆవు మెడలో వేసే పీపీడీనే ఇక్కడ గాజుగొట్టంలో ఉన్న రక్తానికి కలుపుతారు. టీబీని ఎరిగిన తెల్లరక్తకణాలు ఆ వాసనకి లేచి గామా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం వదులుతాయి. 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఉంచి, మర్నాడు అది ఎంత ఉందో ఎలైజా అనే ల్యాబు పద్ధతితో కొలుస్తారు. ఇందులోనూ బొవైన్‌కీ ఏవియన్‌కీ పోలిక ఉంటుంది.

ఇక్కడ గమనించండి: కణాలు బతికుండాలి. మనకి చిన్నప్పటి నుంచి నేర్పింది ఏమిటి? రక్తం తీయగానే ఐసుపెట్టెలో పెట్టు. ఈ పరీక్షకి ఐసు తగిలితే కణాలు మొద్దుబారిపోతాయి, రిపోర్టు అంతా నెగటివ్. మామూలు గది వేడిలో, ఎండ తగలకుండా, కుదుపులేకుండా తీసుకెళ్లాలి. గొట్టం ఆకుపచ్చ మూతది, అందులో హెపారిన్ ఉంటుంది. ఊదా మూతది పనికిరాదు. ఎనిమిది గంటల్లోపు ల్యాబులో పని మొదలైతే మేలు. ఇక్కణ్ణుంచి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించినా హైదరాబాద్ చేరేది తెల్లవారే. మే నెల ఎండల్లో అయితే అసలు ఆలోచించకండి. అందుకని ముందు ల్యాబుకి ఫోన్ చేసి మూడు అడగండి: ఈ పరీక్ష చేస్తారా, ఏ రోజు కిట్ తెరుస్తారు, నా రక్తం ఎన్నింటికి చేరాలి. ఆ జవాబుని బట్టి రక్తం తీయించండి. రక్తం తీసుకుని తర్వాత ల్యాబు వెతుక్కునేవాళ్లే ఎక్కువ.

ఇది చర్మ పరీక్ష కంటే ఎక్కువ పట్టుకుంటుంది. బ్రిటన్ లెక్కలో జబ్బున్న వందలో సుమారు 90. కొత్తగా సోకినవాటిని కూడా ముందే పసిగడుతుంది. ఆవు దగ్గరికి ఒక్కసారి వెళ్తే చాలు, గురువారం గొడవ లేదు, కనుమ గొడవ లేదు. మరి లోటేమిటంటే, జబ్బు లేని వందలో మూడో నాలుగో కూడా పాజిటివ్ అంటుంది. జబ్బే లేని మందలో అందరికీ ఇదే చేయిస్తే అనవసరంగా గుండెలు బాదుకుంటాం. అందుకే దీన్ని ఇప్పటికే టీబీ ఉందని తేలిన మందలో, చర్మ పరీక్షకి దొరకనివాటిని ఏరడానికి వాడాలి. మొదటి పరీక్షగా వాడకూడదు.

పీపీడీకి బదులు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రోటీన్లతో చేసే రకం కూడా ఉంది. ఇవి అసలు టీబీ క్రిమిలో ఉంటాయి, బీసీజీ టీకాలో ఉండవు. మన సాలల్లో ఆవులకి బీసీజీ వేయడం లేదు కాబట్టి ఆ లాభం ఇప్పటికి మనకి అక్కర్లేదు. మట్టిలోని చుట్టాలతో తికమక తగ్గుతుంది, ఆ మేరకు మంచిదే.

ఇంకో రక్త పరీక్ష యాంటీబాడీ ఎలైజా. దీనికి మామూలు సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే నీరు) చాలు, ఐసులో పెట్టొచ్చు, హాయిగా పార్సిల్ పంపొచ్చు. అందుకే అందరూ దీనివైపు పరిగెడతారు. టీబీలో యాంటీబాడీలు ఆలస్యంగా, జబ్బు ముదిరాక పుడతాయి. మొదట్లో ఉన్న ఆవుల్ని ఇది చాలావరకు వదిలేస్తుంది. దీని నెగటివ్ కాగితం చూపించి ఆవుని అమ్మజూపితే ఆ కాగితం విలువ ఎంతో మీకు ఇప్పుడు తెలుసు. కానీ చర్మం చేతులెత్తేసిన ముదురు ఆవు గురించి ఇందాక చెప్పానే, దాన్ని పట్టేది ఇదే. చిక్కి శల్యమై, దగ్గుతూ, చర్మ పరీక్షలో సున్నా వచ్చిన ఆవుకి ఈ ఎలైజా చేయించండి. చర్మ పరీక్ష అయిన రెండు మూడు వారాలకి రక్తం తీస్తే ఇంకా బాగా పలుకుతుంది. ఆ పీపీడీ సూదే ఒంట్లో యాంటీబాడీల్ని రెచ్చగొడుతుంది.

క్రిమిని కళ్లారా చూసే పరీక్షలు మిగిలాయి. బతికున్న ఆవు దగ్గర కళ్లె తీయడం కష్టం, ఆవు ఉమ్మదు, మింగేస్తుంది. ముక్కు కారుడు, పాలు అద్దం మీద పూసి ఎర్రరంగు వేసి చూస్తే దొరికితే దొరుకుతుంది, దొరక్కపోతే దానికి అర్థం లేదు. క్రిమి డీఎన్ఏని వెతికే పీసీఆర్ కూడా అంతే: శాంపిల్లో క్రిమి ఉంటేనే కదా అది చెప్పేది.

చచ్చిపోయిన ఆవు దగ్గర మాత్రం వీటికి తిరుగులేదు. ఆ ఎర్ర జెర్సీ ఏడాది తర్వాత పోయింది. డాక్టరుగారు కోసి చూపించారు. గొంతు వెనక గ్రంథులూ, ఊపిరితిత్తుల మధ్య గ్రంథులూ ఉబ్బి కోడిగుడ్డంత ఉన్నాయి. కత్తి పెట్టి కోస్తే కరకరమంది, ఇసుకలో కత్తి దిగినట్టు. లోపల గట్టిపడిన పసుప్పచ్చటి జున్నులా ఉంది. ఆ చప్పుడు ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోరు. మాస్కు, గ్లౌజులు లేకుండా ఎవరూ ఆ దగ్గరికి వెళ్లకూడదు. మామూలు మనుషులు కొయ్యకూడదు, డాక్టరునే పిలవాలి.

అలాంటప్పుడు ప్రతి గ్రంథినీ రెండు ముక్కలు చేసి రెండు సీసాల్లో పంపించమని అడగండి. ఒకటి ఫార్మలిన్‌లో, అది కణజాలం చూడ్డానికి. రెండోది ఏ మందూ లేకుండా శుభ్రమైన సీసాలో, ఐసు మీద, అది కల్చర్‌కీ (క్రిమిని ల్యాబులో పెంచి చూడ్డానికి) పీసీఆర్‌కీ. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ రాదు. మేం ఒకసారి అలాగే వేశాం. కల్చర్ మొలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మనుషుల టీబీకి వాడే గ్లిజరాల్ కలిపిన మీడియంలో పశువుల క్రిమి సరిగా పెరగదు, పైరువేట్ కలిపింది కావాలి. పశువుల శాంపిల్ అని చీటీ మీద స్పష్టంగా రాస్తే ల్యాబువాళ్లు చూసుకుంటారు. ఏ జాతి క్రిమో ఖాయంగా తేలేది ఇక్కడే. మన దేశపు ఆవుల్లో ఉన్నది పశువుల టీబీ క్రిమి మైకోబాక్టీరియం బోవిస్ ఒక్కటే కాదు. ఒరిగిస్ అనేదీ దొరికింది, మనుషుల టీబీ క్రిమీ దొరికింది. మెడ మీద వాపు వీటిని విడదీసి చెప్పదు.

2018లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి, మన దేశంలో పశువుల్లో నూటికి 7 పైచిలుకు టీబీ ఉండొచ్చని, అంటే రెండు కోట్లు దాటి ఉంటాయని అంచనా వేసింది. బ్రిటన్లో పాజిటివ్ వస్తే ఆవుని కబేళాకి పంపి, రైతుకి పరిహారం ఇస్తారు. మన రాష్ట్రంలో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది, ఆ దారి లేదు. మందులు వాడి నయం చేద్దామనుకోకండి, నెలల తరబడి వాడాలి, నమ్మకం లేదు, మనుషులకి పనిచేయాల్సిన మందులకి క్రిమి అలవాటుపడుతుంది.

"అయితే గోశాలకిచ్చేద్దామండి, పుణ్యం కూడాను" అంటారు. ఇంతకంటే పాపం లేదు. అక్కడ వందల ఆవులు ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. సంతలో అమ్మేయడం కూడా అంతే. పాజిటివ్ ఆవుని గాలి పారే చోట, మిగతావాటికి ముఖాముఖీ లేకుండా వేరుగా కట్టండి. దాని కుడితి గోలెం దానికే. పాలు తీస్తే ఆఖర్న తీయండి, కాచకుండా ఎవరికీ, దూడకి కూడా, పొయ్యకండి. నేలకి ఎండ తగలనివ్వండి, పేడ పోగు సాలకి దూరంగా పెట్టండి. మిగతా మందకి 60 రోజులకోసారి పోల్చే పరీక్ష, వరసగా రెండుసార్లు అన్నీ నెగటివ్ వచ్చేదాకా. తేదీ పెట్టుకునే ముందు క్యాలెండర్లో మూడోరోజు ఏమిటో చూడండి. సంక్రాంతి, చందనోత్సవం, ఊళ్లో అమ్మవారి పండగ, పెళ్లిళ్లు. శుక్రవారం సూది వద్దు, సోమవారం కొలవాల్సిన మనిషి ఆదివారమే ఊరెళ్లిపోడని నమ్మకం ఏమిటి?

ఆఖరుది, మనుషుల గురించి. ఆవు పాజిటివ్ వస్తే ఇంటిల్లిపాదీ, పాలు తీసే మనిషితో సహా చూపించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే అస్సలు ఆగకండి. ఒక సాలలో మూడు ఆవులకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందా అని వెతికితే, రాత్రిళ్లు సాలలోనే పడుకునే పాలేరు తేలాడు. బస్సెక్కించి విశాఖలో ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటి. కళ్లెకి చేసే సీబీనాట్ పరీక్ష టీబీ ఉందని చెప్తుంది గానీ, పశువు క్రిమా మనిషి క్రిమా అని విడదీయదు. పశువు క్రిమి బోవిస్ అయితే, మామూలుగా ఇచ్చే మందుల్లో పైరజినమైడ్ దాని మీద పుట్టుకతోనే పనిచెయ్యదు. కాబట్టి ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే చెప్పండి: పశువుల పని చేస్తాం, మా సాలలో ఫలానా ఆవుకి పాజిటివ్ వచ్చింది, ఇదిగో కొలతల కాగితం అని. ఆ కాగితం జిరాక్సు ఒకటి ఎప్పుడూ మీ దగ్గర ఉంచుకోండి.